తెలుగులోనైనా వదిలేయమంది

జనవరి 14
కెనడా వైపు నుంచి వంతెన దాటి డెట్రాయిట్ వెళ్లాను. "ఎవరిని చూడటానికి?" అన్నాడు బోర్డర్ ఆఫీసరు. నవలా రచయితని అన్నాను. వాల్టర్ పేరు చెప్పినా తెలియలేదు. ఒకప్పుడు ఆ ఊళ్లో ఫ్యాక్టరీలు మూసి మనుషుల్ని రోడ్డున పడేసిన వాళ్లందరినీ నవలల్లో ఉతికి ఆరేసినవాడు... ఇప్పుడు నర్సింగ్ హోమ్‌లో, కిటికీ పక్క మంచం మీద.

రిటైరయ్యేదాకా ఇక్కడ విండ్సర్‌లో ఏటా ఆయన నవలే పాఠం చెప్పాను. ఇప్పుడు దాన్ని తెలుగు చేస్తున్నాను.

జనవరి 29
అనువాదం చదివి వినిపించమన్నాడు. ఒక్క ముక్క అర్థం కాదు కదా అంటే, "అర్థమైనవాళ్లు ఏం చేశారు గనక?"

ఏడో అధ్యాయం చదివాను. భర్త ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్స్ పోతుంది, భార్యకు మందులు ఆగిపోతాయి. నొప్పి ఓర్చుకోలేక తాగుతుంది. సీసా విడిచిన బట్టల బుట్టలో దాస్తుంది. స్కూలు నుంచి వచ్చిన కూతురు ఆమెను కడిగి పడుకోబెడుతుంది.

"మార్గరెట్" అన్న మాట దగ్గర కళ్లు తెరిచాడు.

"అది మా ఆవిడ పేరే. అంతా జరిగిందే. ఒక్క మాట తగ్గించకు." సరేనన్నాను.

ఇన్నేళ్లూ ఆమెను బోర్డు మీద 'వ్యవస్థకు బలైన పాత్ర' అని రాశాను.

ఫిబ్రవరి 6
మంచు తుఫాను. వెళ్లలేదు.

ఫిబ్రవరి 9
నర్సు ఫోన్ చేసింది. వాల్టర్ పోయాడు.

మావారు పెరుగన్నం కలిపి తెచ్చారు. "ఏడిస్తే ఏడువు. కాస్త తిని ఏడువు."

ఫిబ్రవరి 15
అంత్యక్రియలు. పట్టుమని పదిమంది లేరు. ఆయన కూతురు ఎలెన్‌ను ఇవాళే చూశాను. నర్సింగ్ హోమ్‌కి ఒక్కసారి కూడా రాలేదని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

తనే వచ్చి పక్కన కూర్చుంది. "అనువాదం మీరేనా?"

అవునన్నాను.

"ఆ సీసాలు పారబోసింది నేను. పుస్తకం వచ్చాక స్కూలంతా తెలిసిపోయింది. అమ్మ మళ్లీ గుమ్మం దాటలేదు. దేశాన్ని తిట్టడానికి ఆయనకి అమ్మే దొరికింది."

లేవబోతూ — "ఇంగ్లీషులో నేను చేయగలిగిందేం లేదు. తెలుగులోనైనా మా అమ్మను వదిలేయండి."



ఫిబ్రవరి 20
హైదరాబాదు నుంచి ఎడిటర్ ఫోన్. "మేడమ్, ఏడో చాప్టరే ప్రాణం. ప్రింటుకి పంపేద్దామా?" కొన్నాళ్లు ఆగమన్నాను.

మావారిని అడిగాను. "మాటిచ్చింది పోయినాయనకి. అడుగుతున్నది బతికున్నామె. నన్నడక్కు."



ఫిబ్రవరి 23
ఏడో అధ్యాయం తీసేసి మొత్తం చదివాను. ఎక్కడా తెగినట్టు లేదు. ఫ్యాక్టరీ మూతపడుతుంది, వీధులు ఖాళీ అవుతాయి, ఆయన కోపం అలాగే ఉంది. మార్గరెట్ అని ఒకామె బతికిందన్న జాడే లేదు.

ఆమె లేకుండా కూడా పుస్తకం నిలబడుతుందని అనుకోలేదు... మరి ఆయన ఆమెను అంత బాధ ఎందుకు పెట్టినట్టు? ఇప్పుడు తీసేస్తే, ఆ పడ్డ బాధ ఎక్కడికి పోయినట్టు?

ఎలెన్‌కి ఫోన్ చేశాను. "చెప్పండి" అంది. ఏడుపు తప్ప మాట రాలేదు.

ఆమె ఫోన్ పెట్టేయలేదు.