నల్ల సైకిలుకు నాలుగు బొట్లు

పత్తికొండ, 17-10-56

వదినమ్మకు నమస్కారాలు. నేను క్షేమం, అన్న సైకిలూ క్షేమమే. నేను పడ్డానని మన కమలాపురంలో ఎవరో చెప్పారట. పడింది సైకిలు ఒక్కటే. బడి గోడకు ఆనించి ఉంటే గాలికి జారి బండల మీద పడింది. ఏదీ వంగలేదు, ఫ్రేము మీద నాలుగుచోట్ల గోరంత రంగు లేచిపోయింది.

అన్న తన కండువాతో తుడుచుకునే సైకిలాయె. ఆయన కంట పడకముందే సరిచేద్దామని ఉప్పుకాగితంతో గీకి, కిరసనాయిలుతో తుడిచి, అగ్గిపుల్లతో నల్లరంగు కాస్త మందంగానే అద్ది ఇంట్లో ఆరబెట్టాను. తెల్లవారితే మహర్నవమి. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంటామె గురమ్మవ్వ సైకిలుకు ఆయుధపూజ ముగించింది. ఆరని రంగు మీదే నాలుగుచోట్లా పసుపు, కుంకుమ. "దానికి యాడ దెబ్బ తగిలిందో ఆడే పెట్టినా నాయనా, బిరీన మానుతాది" అంది. ఇప్పుడు రంగుతోపాటు బొట్లూ గట్టిపడ్డాయి. చాకుతో గీకబోతే, "పూజ చేసిన బొట్టు గీకుతారా యాడన్నా" అని చాకు లాక్కుంది.

దీపావళికి సైకిలు తెస్తాను. ఈలోగా అన్నకు మీరే, అన్నం తిన్నాక, మెల్లగా చెప్పండి. అమ్మ కంటినొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కొర్రబియ్యం పంపండి. పాపకు నా దీవెనలు.

మీ మరిది ఓబులేశు

అన్నా, ఈ కార్డు ముందు నీ చేతికే చిక్కి ఉంటే, కడిగితే బొట్లు పోతాయిలే అనుకోవద్దు. నేను మూడుసార్లు కడిగి చూశాను.