హబ్బులో నాలుగు వాషర్లు

మావయ్యకి,

అంతా క్షేమమే అని మొదలుపెడదామంటే మోకాలు ఒప్పుకోవట్లేదు. ఫోను చేస్తే నీ షాపులో సుత్తి మోతకి నీకు ఒక్క ముక్క వినబడదు. ఇక్కడేమో పక్కనే అమ్మ. అందుకే ఉత్తరం.

సిగ్గు విడిచి చెబుతున్నాను. మూడేళ్లుగా నేను సైకిలు మీద విన్యాసాలు నేర్చుకుంటున్నాను. ఫ్లాట్‌ల్యాండ్ అంటారు. చదునైన నేల మీద చిన్న బీఎమ్‌ఎక్స్ సైకిలెక్కి, చక్రం పక్కన పొడుచుకొచ్చిన గొట్టాల మీద నిలబడి, ముందుకీ వెనక్కీ గిరగిరా తిరగాలి. కోల్డ్ స్టోరేజీలో నా బిల్లింగు డ్యూటీ అయ్యాక, లారీలు ఖాళీ చేసిన ఆవరణలో సాధన చేస్తాను.

పోయిన నెల పోటీలో వెనక్కి దొర్లుతుంటే, చక్రంతో పాటు పెడళ్లు కూడా వెనక్కి తిరిగి పిక్క మీద ఫట్‌మని కొట్టాయి. వెళ్లి జడ్జీల బల్ల మీద పడ్డాను. పెద్ద జడ్జి టీ మొత్తం ఆయన చొక్కా తాగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు మావయ్యా.

దీనికి మందు ఫ్రీకోస్టర్ హబ్బట. అది వెనక చక్రం నడిమధ్య వేస్తే, వెనక్కి దొర్లినా పెడళ్లు కదలవు. రెండు రకాలున్నాయి. ఒకటి తేలిక, కానీ లోపల సర్దుబాటు ఉండదు. ఇంకోటి కాస్త బరువు, వాషర్లు మార్చి సర్దుకోవచ్చు. బొమ్మలు ఇందులోనే పెట్టాను. ఏది తీసుకోమంటావు? ఆరు వారాల్లో మళ్లీ పోటీ. ఈసారి కూడా పడితే ఆ ఆవరణలో ఇక మొహం చూపించలేను.

నీ మేనకోడలు,
బొంగరం

తా.క. అమ్మకి చెప్పకు. కుట్టు క్లాసుకి వెళ్తున్నానని చెప్పాను. మూడేళ్లు నేర్చుకుని ఒక్క దిండు గలీబైనా కుట్టలేదేమే అని అడుగుతోంది.

* * *

బొంగరానికి మావయ్య దీవెనలు.

ఫ్రీకోస్టరా? నాకు తెలీకపోవటమేంటే! ముప్పై ఏళ్లుగా గ్రీజులో మునిగి తేలుతున్నవాణ్ణి. నాకు తెలీని హబ్బు ఇంకా పుట్టలేదు.

సర్దుకునే రకమే తీసుకో. మనిషైనా హబ్బైనా సర్దుకుపోయేదే మంచిది. కొని నాకు పంపు, చక్రం నేనే కడతాను. చువ్వలు బిగించే పని ఇంకెవరికైనా ఇచ్చావో, నా గుమ్మం తొక్కకు.

ఒక్క సంగతి. బొమ్మలో సైకిలుకి ఎక్కడా బ్రేకు కనబడలేదు. గీసినవాడు మర్చిపోయుంటాడు. రబ్బర్లు నా దగ్గరున్నాయిలే.

మీ మావయ్య

తా.క. వెనక్కి వెళ్లటానికి ప్రత్యేకంగా హబ్బెందుకే? దిగి, సైకిలు తిప్పుకుని ఎక్కొచ్చుగా? ఊరికే అడిగాను. నాకు తెలుసు.

* * *

మావయ్యకి బొంగరం నమస్కారాలు, రెండు చేతులూ బాగానే ఉన్నాయి కాబట్టి రెండింటితోనూ.

నువ్వు చెప్పినదే కొన్నాను. పార్శిలు ఇవాళే వేశాను. లోపల ఎంత ఖాళీ ఉంచాలో ఒక కాగితం మీద రాశాను గానీ, మళ్లీ చింపేశాను. నీకు చెప్పటమంటే తాతకి దగ్గులు నేర్పటమే కదా! అమ్మినాయన 'చక్రం ఎవరు కడతారు?' అన్నాడు. 'మా మావయ్య' అన్నాను. అన్నప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో!

బొంగరం

తా.క. బ్రేకు వద్దు మావయ్యా. ఎవరూ మర్చిపోలేదు. నిజంగానే వద్దు.

* * *

ఒసేయ్ పిచ్చి బొంగరం, దీవెనలు తర్వాత, ముందు ఇది చదువు.

నిన్ను నిలువునా మోసం చేశారే! పెడలు తొక్కితే పావు చుట్టు ఉత్తినే తిరిగి, అప్పుడు గానీ చక్రాన్ని పట్టుకోవట్లేదు. కొత్త హబ్బులో ఇంత లూజా! మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. చివరికి లోపల నాలుగు వాషర్లు వేసి ఆ ఖాళీ మొత్తం పూడ్చేశాను. ఇప్పుడు పాదం వెంట్రుకవాసి కదిలితే చాలు, ఉడుంపట్టు! చక్రం పొద్దున పార్శిల్లో వేశాను. పోటీలో దున్నేయ్.

డబ్బా మీద అమ్మినవాడి అడ్రసు ఉంటే వాడికీ ఒక ఉత్తరం దంచాను. 'ఆడపిల్లకి లూజు సరుకు అంటగట్టడానికి సిగ్గు లేదా' అని.

మీ మావయ్య

తా.క. దాని కింద నీ సంతకం కూడా నేనే పెట్టాను. కొన్నది నువ్వే కదా.

* * *

మావయ్యా,

నీ చక్రం పోటీ రోజు పొద్దున చేరింది. నీ ఉత్తరం మర్నాడు చేరింది. ఇది అటూ అది ఇటూ అయ్యుంటే ఎంత బాగుండేది!

ఆ పావు చుట్టు ఖాళీ లోపం కాదు. ఆ హబ్బు కొనేదే దానికోసం. వెనక్కి దొర్లేటప్పుడు పాదం కాస్త కదిలినా చక్రం పట్టుకోకూడదని ఆ ఖాళీ. నువ్వు పూడ్చేశావు. చక్రం బిగించేసరికే నా పేరు పిలిచారు, చూసుకునే వ్యవధి లేదు. వెనక్కి వెళ్తూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను, అంతే. పాదం కదిలింది, హబ్బు పట్టేసింది, పెడలు నన్నెత్తి విసిరేసింది. ఎక్కడికని అడక్కు. అదే బల్ల. అదే పెద్ద జడ్జి. ఈసారి ఆయన టీ గ్లాసు ముందే పైకెత్తి పట్టుకున్నాడు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఆ హబ్బు అమ్మినది ఆయనే. జేబులోంచి 'నా' ఉత్తరం తీసి, హబ్బుని వేలితో తిప్పి చూసి, 'మావయ్య కడతాడన్నావు, నిజంగా దీన్ని కట్టిందెవరమ్మా?' అని మైకులో అడిగాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను, 'ఎవరో రోడ్డు పక్క మెకానిక్కండీ, నాకు తెలీదు' అన్నాను.

పడ్డందుకు కాదు మావయ్యా, ఆ మాటన్నందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తి నాకు సైకిలు నేర్పింది నువ్వు. నువ్వెవరో తెలీదన్నాను. నాలుగు తిట్టి ఉత్తరం రాయి. తిట్టకపోతే ఇంకా బాధగా ఉంటుంది.

బొంగరం

తా.క. మోకాలికి కుట్టు మిషను తగిలిందని అమ్మకి చెప్పాను. నా మోకాలు చూసి, 'ఏ మిషనో ఏమో' అంది. నమ్మినట్టే ఉంది.

* * *

బొంగరానికి,

దీవెనలు రాద్దామంటే చెయ్యి రావట్లేదు. తిట్టమన్నావు. ఎవర్నే తిట్టేది?

ఫ్రీకోస్టరంటే ఏంటో నాకు తెలీదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడూ తెలీదు, నాలుగు వాషర్లు వేసినప్పుడూ తెలీదు. ఆ ఒక్క మాట రాయటానికి ముప్పై ఏళ్ల సర్వీసు అడ్డొచ్చింది. రాసుంటే నువ్వు ఆ కాగితం చింపేదానివి కాదు.

ఇంకా ఉంది. పోటీకి నేనూ వచ్చాను. చెప్పకుండా బస్సెక్కి, బ్రేకు రబ్బర్లు సంచీలో వేసుకుని మరీ వచ్చాను. నాలుగో వరసలో కూర్చున్నాను. నువ్వు తిరుగుతుంటే నా కళ్లు చాల్లేదే! 'మా అక్క కూతురండీ' అని చెబుదామని పక్కాయన వైపు తిరిగాను. అప్పుడే పడ్డావు. 'పాపం, ఆ అమ్మాయి మీకు తెలుసా?' అన్నాడాయన. 'తెలీదండీ' అన్నాను. మైకులో ఎవరు కట్టారని అడిగితే, లేచి నేనే అనాల్సినవాణ్ణి, వంగి చెప్పు సరిచేసుకున్నాను. అంటే నువ్వు నన్ను తెలీదనకముందే నేను నిన్ను తెలీదనేశాను. చెల్లుకు చెల్లు అనుకో. నాకు మాత్రం చెల్లలేదు.

మర్నాడు ఆ జడ్జిగారి షాపుకెళ్లి, కట్టింది నేనే, ఉత్తరం రాసిందీ నేనే అని చెప్పాను. ఆయన తిట్టలేదు. స్టూలు వేసి, అలాంటిదే ఇంకో హబ్బు విప్పి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఈ వయసులో ఇంకొకడి షాపులో స్టూలెక్కాను, కానీ నేర్చుకున్నాను. చక్రం పట్టుకుని రా. నువ్వు పెడలు మీద కాలు పెట్టి ఎంత ఖాళీ కావాలో చెప్పు, నేను ఒక్కో వాషరూ తీస్తాను. వచ్చే పోటీకి ఆయన నీ పేరు రాసుకున్నాడు. బల్ల మాత్రం పదడుగులు వెనక్కి జరుపుతాడట.

పార్శిల్లో మోకాళ్లకి కట్టుకునే మెత్తలున్నాయి. ఎవరు కుట్టారని అడక్కు.

రోడ్డు పక్క మెకానిక్కు,
మీ మావయ్య

తా.క. అడుగుతావని తెలుసు. మీ అమ్మే కుట్టింది, పాత దిండు గలీబులతో. పోటీ రోజు నా చేతికిచ్చి, నన్ను పంపమంది. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే చెప్పేశాను, నా నోట్లో నువ్వుగింజ నానదు. పోటీలో నాకు ఇటుపక్క కూర్చున్నది ఆవిడే. ఆ పక్కాయన మనిద్దర్నీ చూపించి ఆవిణ్ణి కూడా అడిగాడు. ఇద్దరూ ఎవరో తనకి తెలీదంది.