దానియేలన్న స్ప్లిటరు మన మేడ ఎక్కకూడదు

ఏమండీ,

ప్రార్థన బాగా చేసే మనిషి వైరింగు కూడా బాగానే చేస్తాడా అని నాలుగేళ్లుగా నాకు అనుమానం. దేవుడు క్షమించాలి, చెయ్యడు.

పదకొండింటికి మీ సంఘం దానియేలన్న వస్తాడు. మళ్లీ ఒక్క వైరునే అన్ని టీవీలకూ పంచే ఆ అగ్గిపెట్టెంత స్ప్లిటరు బయటికి తీస్తే జేబులోనే పెట్టుకోమనండి. మూడు వాటాలు, ఆరు టీవీలు, మేడ మీద ఒక్క డిష్ గొడుగు. ఒకరు చానల్ మారిస్తే ఇంకొకరి తెర నల్లబడేది దానివల్లే. నంద్యాల షాపతను ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పాడు. మనకు కావాల్సింది మల్టీస్విచ్, ఒక్కో టీవీకి వేరుగా సిగ్నలిచ్చేది, ఎనిమిది వైర్లు పోయేది. నేనే పోయి తెస్తున్నా. ఆలోపు ఒక్కో టీవీ నుంచి ఒక్కో వైరు మేడ మీదికి లాగమనండి. "అన్నీ ఒగటేలే అక్కా, పేర్లే వేరు" అంటాడు. అన్నీ ఒకటే అయితే ఆయన చేతికి స్క్రూడ్రైవరెందుకు, గరిటె ఇవ్వండి.

మొదటి వైరు అత్తమ్మ గదిది. మంచం దిగలేని మనిషి, ఆరాధన ఆ టీవీలోనే చూడాలి. రేపే ఆదివారం. పాట మధ్యలో తెర ఆరితే "దేవునికి నా మీద కోపమేమోమ్మా" అంటుంది. దానియేలన్న పనికి దేవుడు మాట పడాలా?

చారు పొయ్యి మీదుంది. ఆయనకూ పెట్టండి, తిండి దగ్గర కోపం వద్దు.

ఇంకొకటి. అత్తమ్మ టీవీని కావాలనే ఆపుతున్నావని పై వాటాలో మీ వదిన శాంతక్కను ఒకసారి అనేశాను. మూడేళ్లయింది. తప్పు ఆమెది కాదు, ఆ స్ప్లిటరుదని షాపతను చెప్పాకే తెలిసింది. ఇప్పుడే పైకి పోయి, చేతులు పట్టుకుని, ఆమెకు బాకీపడ్డ క్షమాపణ చెప్పొచ్చాను.