మీ అమ్మ నడుమూ, నా కుడికాలూ

చిరంజీవి పెద్దోడికీ, కోడలికీ, పాపకీ మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ ముక్క ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ రాసేవాణ్ణి. ఇవాళ కళ్ళారా చూసి రాస్తున్నాను. పొద్దున ఆసుపత్రిలో మీ అమ్మ ఎడమకాలి బొటనవేలు పైకెత్తింది. ఊరికే ఎత్తడం కాదురా, డాక్టరమ్మ తన వేలితో కిందికి నొక్కుతుంటే దిగకుండా నిలబెట్టింది. రెండు నెలల కింద అదే వేలు తడిసిన గుడ్డపీలికలా వాలిపోయి ఉండేది. డాక్టరమ్మ ఫైలు మూసేసి, ఇక ఆపరేషన్ మాట మర్చిపొమ్మంది. నేను ఆ వేలు పట్టుకుని కళ్ళకద్దుకోబోతే మీ అమ్మ కాలు లాక్కుని, "పదిమందిలో ఇదేం పనండీ" అని కసిరింది. కసిరించుకోవడం కూడా ఇంత బాగుంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఆ సంతోషం పట్టలేక మందుల షాపులో వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ చెప్పాను. వాళ్ళు అడగలేదు, అయినా చెప్పాను. ఇంటికొచ్చి నీ ఉత్తరం తీసి ఇంకోసారి చదివాను. ఒళ్ళు భగ్గుమంది. ఆ సంతోషంతోనూ ఈ మంటతోనూ కలిపి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. నేను చదివింది ఐదో తరగతి.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. స్కానింగులో ఏం కనబడింది అన్నావు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు ఉంటాయట, కింది నుంచి రెండో బిళ్ళ పక్కకి జరిగి కాలికి పోయే నరాన్ని నొక్కుతోందట. డిస్కు జారడం అంటే అదే. మావయ్య ఏమంటున్నాడు అన్నావు. మీ మావయ్య సంగతి ఎత్తకు. నడుం మీద కత్తి పెడితే జన్మంతా మంచమే అని మీ అమ్మ తలదగ్గర కూర్చుని గంటసేపు ఏడ్చి, కాఫీ తాగి వెళ్ళాడు. పక్క వాటాలో దర్జీ వచ్చి చెక్కబల్ల మీద పడుకోబెట్టమన్నాడు. ఆయన భార్య వచ్చి బల్ల వద్దు, దూదిపరుపు అంది. ముందు మీ ఇంట్లో తేల్చుకుని రండి అని ఇద్దరినీ పంపేశాను. నొప్పి ఒకరిది, నోళ్ళు పదిమందివి.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాక ఎందుకు ఆపేశావు, భయపడ్డావా అన్నావు. దానికీ, నీ ఆఖరి ప్రశ్నకీ జవాబు ఒకటే. ఆఖరి ప్రశ్న నీ మాటల్లోనే ఇక్కడ దించుతున్నాను, నీ రాత నువ్వే చూసుకో: "డిపోలో అందరి నడుములూ బాగుచేశావు కదా నాన్నా, అమ్మకి ఒక్కసారి నీ కాలు ఎందుకు వెయ్యలేదు? పాప కూడా నీ పోలికే. మొన్న ఇక్కడ మా సూపర్‌వైజరుకి నడుం పట్టేస్తే పాపచేత తొక్కించాం, తెల్లారేసరికి తగ్గిపోయింది."

ఒరే, నువ్వు డిగ్రీ చదివినవాడివేనా?

నీ మీద అరిచే అర్హత నాకు లేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. కోడలికి సరిగా తెలియకపోవచ్చు, తనూ చదువుతుంది కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. పాపలాగే నేనూ తల ముందు కాకుండా కాళ్ళు ముందు పెట్టి పుట్టాను. ఎదురుకాళ్ళవాడు తొక్కితే నడుం పట్టు వదులుతుందని ఒక నమ్మకం. నలభై ఏళ్ళు బస్సు డిపోలో టైర్ల షెడ్డులో పనిచేశాను. టైరు విప్పడంలో నన్ను మించినవాళ్ళు పదిమంది ఉన్నారు. నడుం తొక్కడంలో మాత్రం నేనొక్కణ్ణే. డ్రైవర్లు వంగిపోయి వచ్చేవారు. పాత ట్యూబు కోసి నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టి, కిటికీ చువ్వలు పట్టుకుని కుడికాలితో తొక్కేవాణ్ణి. మేనేజరు కూడా చొక్కా పైకి లాక్కుని నా ముందు పడుకున్నాడు. ఆయన లేచి దణ్ణం పెట్టిన రోజు నేను ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను.

ఇప్పుడు విను. మీ అమ్మకి నడుం పట్టిన మూడో రోజున నేను తొక్కాను. బియ్యం డబ్బా జరుపుతుంటే పట్టేసింది, మామూలు పట్టే. కాలికి ఏ తిమ్మిరీ లేదు. నా నడుం ఎవరూ చూడక్కర్లేదు, పట్టు దానంతటదే పోతుందని మీ అమ్మ అంటూనే ఉంది. ఊరందరికీ పనికొచ్చిన కాలు నీకు పనికిరాదా అని గొడవపెట్టి చాప పరిచాను. లోపల టక్కుమంది. నేను గర్వంగా ఎలా ఉందన్నాను. "పోయిందండీ" అంది, నా మొహం చూసి. సాయంత్రానికి ఎడమకాలి చెప్పు దారిలో జారిపోయినా తనకి తెలియలేదు. వెనకనుంచి ఎవరో పిలిచి చెబితే చూసుకుంది.

అక్కడితో ఆగానా? పది రోజులయ్యాక, మొదటిసారి సరిగ్గా పడలేదు, ఇంకో తొక్కు పడాలి అన్నాను. మాట్లాడకుండా వెళ్ళి పడుకుంది. ఆ మాట్లాడకపోవడం తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ పూట నుంచి పాదం ఈడ్చడం మొదలైంది.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మొదట ఎలా వచ్చిందని ఆవిడ అడిగితే మీ అమ్మ డబ్బా జరిపానంది, అది నిజమే. తిమ్మిరి ఎప్పుడు మొదలైందంటే దానంతటదే అంది. పది రోజులకి పాదం ఎందుకు వాలిందంటే, అదీ దానంతటదే అంది. నేను పక్కనే ఉన్నాను. మట్టిబొమ్మలా కూర్చున్నాను. ఏ కారణమూ లేకుండా మెట్టు మెట్టుగా బలం తగ్గిపోతోందంటే ఆలస్యం చెయ్యకూడదు అని డాక్టరమ్మ గురువారానికి ఆపరేషన్ రాసింది. ఆవిడ తప్పేమీ లేదు, చెప్పినదాన్నిబట్టి రాసింది. కాగితం మీద నేను సంతకం పెట్టాను.

షెడ్డులో నేను ఎంతమంది డ్రైవర్లని తిట్టానో నీకు తెలుసు. రాయి మీద ఎక్కించి, టైరు దానంతటదే పేలిందనేవారు. నిజం చెప్పకపోతే నేను ఏది విప్పను, ఏది బిగించను అని స్పానరు చూపించి అరిచేవాణ్ణి. అదే అబద్ధం నా పెళ్ళాం నాకోసం చెబుతుంటే నోట్లో బెల్లం పెట్టుకున్నవాడిలా ఊరుకున్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు, బుధవారం, మళ్ళీ పిలిచి చూశారు. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "ఇంకొక్కసారి ఆలోచించి చెప్పమ్మా, పాదం వాలిన రోజు ఏం చేశావు?" అంది. మీ అమ్మ నావైపు చూసి, వంగానంది.

"వంగలేదండీ," అన్నాను. "నేను తొక్కాను. రెండుసార్లు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే తేలికపడేవాణ్ణి. తిట్టకుండా, రెండోసారి తొక్కాక ఎన్నాళ్ళయింది, అప్పట్నుంచి ఇంకా దిగజారిందా, అలాగే ఉందా అని అడిగింది. పద్దెనిమిది రోజులు, దిగజారలేదు అంది మీ అమ్మ, రెండ్రోజులుగా వేలు కాస్త కదులుతోంది కూడా అంది. ఒంటికి పోవడంలో ఇబ్బంది ఉందా అని అడిగింది, లేదంది. వేలు నొక్కి చూసింది. అప్పుడు చెప్పింది: ఇది దానంతటది ముదురుతున్నది కాదు, పైనుంచి దెబ్బ పడ్డప్పుడల్లా చెడింది. దెబ్బ ఆగితే తేరుకోవచ్చు. రెండు దార్లున్నాయి. ఆపరేషన్ అయితే నొప్పి త్వరగా పోతుంది, కోతకి ఉండే ఇబ్బందులు ఉంటాయి. మందులు, నడక, కసరత్తులు అయితే ఆరు వారాలు ఓపిక పట్టాలి, వారం వారం వచ్చి వేలు చూపించాలి. బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, ఒంటికి రాకపోయినా ఆ నిమిషమే పరిగెత్తుకు రావాలి, అదే రోజు ఆపరేషన్. ఏది కావాలో మీ అమ్మే చెప్పాలి అంది, నావైపు చూడకుండా.

మీ అమ్మ బల్ల మీది మందుల చీటీ చూపించి, "ఆరు వారాలు చూస్తాను. ఈయన కాలు మాత్రం నా చాప దగ్గరికి రాకూడదని ఆ చీటీలో రాసివ్వండి," అంది. డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక అరిచాను. అబద్ధం ఎందుకు చెప్పావు, నా మాట నిలబెట్టడానికి నడుం కోయించుకుంటావా అని వీధి వినేలా అరిచాను. "మీకున్నది ఆ ఒక్క పేరేగా," అంది. అంతే. నలభై ఏళ్ళ ఉద్యోగం, డిపో ఇచ్చిన రెండు మెడల్స్, ఇద్దరు పిల్లలు, అన్నీ ఉండి మీ అమ్మ లెక్కలో నాకున్నది ఒక కాలి పేరు. తప్పు తనది కాదు. రోజూ అన్నం దగ్గర ఆ కాలి గురించి చెప్పుకున్నది నేనే.

మరి ఇన్నేళ్ళు తగ్గినవాళ్ళ సంగతేమిటని డాక్టరమ్మని అడిగాను. చాలా నడుం పట్లు వాటంతటవే నాలుగు రోజుల్లో వదిలేస్తాయట. వెళ్ళిపోయే చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపి, నేనే పంపించానని చెప్పుకున్నాను. తగ్గనివాళ్ళు నాకు చెప్పడానికి రాలేదు. ఒక్క కండక్టరు మాత్రం వచ్చాడు, కర్ర పట్టుకుని. ముదరబెట్టుకుని వచ్చావు అని వాణ్ణే తిట్టి పంపాను. నిన్న వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తీసి, నన్ను చూడగానే మళ్ళీ వేసేశాడు.

అందుకే చెబుతున్నాను. మీ సూపర్‌వైజరుకి తగ్గింది, అది ఆయన అదృష్టం, పాపది కాదు. పసిదాని కాళ్ళకి ఆ పేరు తగిలించకు. ఇంకొక్కడి నడుం మీద పాపని ఎక్కించావని తెలిసిందా, అక్కడికి వచ్చి నీ చెవి పట్టుకుని ఆఫీసులో అందరిముందు తిప్పుతాను. నువ్వు నలభై దాటినవాడివైతే నాకేం. పాపకి మా ముద్దులు. నాన్నమ్మ లేచి నడుస్తోందని దానికి చెప్పు.

ఇక్కడిదాకా రాసి మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ తొక్కిన ముక్కలన్నీ కొట్టెయ్యమంది. కొట్టెయ్యనన్నాను. "కొడుకు దగ్గరైనా ఆ పేరు మిగుల్చుకోరా?" అంది. మిగల్చనన్నాను. కోపంతో నా చేతిలో పెన్ను లాక్కుని విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఈ కింది లైన్లు పెన్సిలుతో ఉన్నది అందుకే. ఒరే, తను వెళ్తుంటే చూశాను. చెయ్యి గోడకి ఆనించలేదు. ఎడమ మడమ ముందు ఆనింది, తర్వాత వేళ్ళు. కుడికాలికీ దానికీ తేడా లేదు. పెన్ను ఇమ్మని ఇంకో రెండుసార్లు కోపం తెప్పించి రావాలనుంది.

ఇట్లు,
ఇకమీదట నేలమీద మాత్రమే అడుగుపెట్టే
మీ నాన్న