నాలుగో అంచు

అమలాపురం

అమ్మకు సత్యదుర్గ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమమే. విశాఖలో నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు, తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నాన్న వేసిన పడవ బొమ్మ బాగుచేశావా అని కూడా అడిగావు. చెయ్యలేదు. హైదరాబాద్ ల్యాబ్‌లో మేం పాత బొమ్మలు బాగుచేసేముందు చేసినట్టే ముందు ఎక్స్‌రే తీయించాను. అందులో రంగుల కిందున్న గుడ్డ పోగులు కనబడతాయి. ఏ పోగు ఎక్కడ ఎంత వంగిందో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తుంది. నాన్న పడవల ఇంట్లో పుట్టినవాడు కదా, గుడ్డని చట్రానికి మేకులతో కొట్టేవాడు కాదు. తెరచాపని కట్టినట్టు జానెడుకో చోట కొబ్బరి తాడుతో లాగి కట్టేవాడు. లాగిన ప్రతిచోటా పోగులు అలల్లా వంగి, పూత ఆరాక అలాగే ఉండిపోతాయి. మూడు అంచుల్లో ఆ అలలున్నాయి. కుడివైపు లేవు, పోగులు తిన్నగా ఉన్నాయి. అంటే అటువైపు బొమ్మ ఇంకా ఉండేది. ఎవరో కోసేశారు.

"మీ నాన్న తాతయ్యనీ తననీ వేసుకున్నారు గానీ, చెల్లెల్ని వెయ్యలేదు. దేవసహాయాన్ని పెళ్ళి చేసుకున్నప్పుడే ఆవిణ్ణి మనసులోంచి తీసేసేరు" అని ముప్పై ఏళ్ళు చెప్పావు. నాన్న మంచంలో ఉన్నప్పుడు దుర్గాదేవి అత్తయ్య గుమ్మం దాకా వస్తే, "మీ అన్నయ్యగారు మీ మొహం చూడనన్నారండి" అని పంపేశావు. ఆవిడ నమ్మింది. నేనూ నమ్మాను. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోందమ్మా. నాన్న మీదా మంటే. కోసిన బొమ్మ చూసి కూడా నోరెత్తకుండా చిన్న చట్రం చేయించుకున్నాడు.

ఇంతసేపూ రాయలేకపోయింది ఒకటుంది. ఆ తిన్నటి అంచు చూశాకే గుర్తొచ్చింది. నాన్న కాకినాడ వెళ్ళిన రోజు నువ్వు అడిగితే, కుట్టు మిషను సొరుగులోంచి కత్తెర తెచ్చిచ్చింది నేనే. నాకు ఏడేళ్ళు. గుడ్డ తెగడం లేదంటే రెండో కొస పట్టుకున్నాను కూడా. అత్తయ్య బొమ్మని చూసే ఉంటాను. ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.

నిన్న రాజోలు వెళ్ళి అత్తయ్యకు అంతా చెప్పేశాను, కత్తెర సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. "అయితే వేసేడన్నమాట అన్నయ్య" అంది. నేను లేచి వచ్చేస్తుంటే, "ఏ చీరలో వేసేడో వదినగారిని కనుక్కుని చెప్పవే" అంది.

అది తెలిసినదానివి ఇంక నువ్వొక్కదానివే. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఆవిడకి రాయి.

ఇట్లు,
నీ కూతురు,
సత్యదుర్గ