నువ్వు తెచ్చిన గట్టి పెరుగు

కొవ్వూరు

రూబీకి, వదిన రాస్తున్నది. ఫోన్‌లో చెబితే పక్కనున్న మీ అన్నయ్య వింటారు. అందుకే ఈ పెరుగు డబ్బాతో పాటు ఉత్తరం పంపుతున్నాను.

జ్వరం తగ్గినా ఆయనకి ఏదీ సయించడం లేదని నీకు తెలుసు కదా. భోజనం ముందు, నేను దగ్గితే తప్ప ఆపని ఆ పొడవాటి ప్రార్థన కూడా ఉత్త “ఆమేన్” అయిపోయింది. నాకు అదే బెంగగా ఉండేది.

నువ్వు తెచ్చిన గ్రీక్ యోగర్ట్ కప్పుల్లో ఆ గట్టి పెరుగు చూసి, “ఏంటిది, గోడకేసే సున్నంలా ఉంది” అన్నారు. నేనేమో గట్టిగా ఉంది కదా అని నీళ్లు పోసి మజ్జిగ చేసేశాను. ఒక కప్పు అలా పోయింది, తిట్టుకోకు. రెండోదాంట్లో కీరదోసకాయ తురిమి, ఉప్పు, జీలకర్ర పొడి కలిపితే నాలుగు చెంచాలు తిన్నారు. మర్నాడు అరటిపండు ముక్కలూ తేనే వేసిస్తే గిన్నె ఖాళీ చేశారు.

ఇక కప్పులు కొనకు. ఇంట్లో తోడేసిన పెరుగే పల్చటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తున్నాను. కారిన పుల్లనీళ్లు చారులో పోస్తున్నాను. నీకు పంపింది ఆ మూటకట్టిన పెరుగే, తిని చెప్పు.

ఈ పొద్దున ఆ పెరుగులో కాస్త ఆవకాయ కలిపి, వేడి మినపట్టు మీద రాసి పెట్టాను. ఆయన వాసన చూసి, కళ్లు మూసుకుని, ప్రార్థన మొదలుపెట్టారు. నీకూ, డాక్టరు గారికీ, పాలు పోసే సంపూర్ణమ్మకీ, ఆవిడ గేదెకీ కూడా దీవెనలు అడిగారు. అట్టు చల్లారిపోయింది.

ఇన్నేళ్లలో మొదటిసారి, నేను దగ్గలేదు.

నీ వదిన