నాయనకు మిగిలిన మాట

3-9-1953, ఉదయగిరి

కాలేజీకి లీవు పెట్టి నిన్న నెల్లూరు బస్సులో వచ్చాను. నాయనకు పక్షవాతం. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. ఒక్కటి మాత్రం మిగిలింది: కామాక్షీ. నీళ్లకు అదే, దుప్పటికి అదే, ఈగ వాలినా అదే.

కామాక్షి ఊళ్లోనే అంగడి నడిపే మా తమ్ముడు సుందరరామయ్య భార్య. నాయన కూలిపోయినప్పుడు చెక్కచెంచాతో జావ పోస్తున్నది ఆమేనట. నోట్లో ఉన్న మాట అట్లాగే అతుక్కుపోయిందన్నాడు డాక్టరు.

5-9

విడి మాటకు అర్థం లేదు, వాక్యంలో పడితేనే అని ఎం.ఏ.లో రాశాను. ఫస్ట్ క్లాస్ ఇచ్చారు. ఇక్కడ వాక్యమే లేదు. అయినా నీళ్లు తెస్తున్నాం, తాగుతున్నాడు. అర్థం ఎక్కడున్నట్టు? ఆయన చూపులోనా, మా భయంలోనా?

8-9

చేజర్ల నుంచి నాయన చెల్లెలు శీనమ్మత్త వచ్చింది. వాకిట్లోనే తగులుకుంది. ఏందిరా సుందరా, పోయే మనిషి పేరు పెట్టి పిలస్తా ఉంటే కడుపుతో ఉండేదాన్ని ఎదర కూర్చోబెడతావా, తోడు తీసకపోతాడురా అని. అయితే నా పేరు పిలవమను అత్తా, అంగడి పీడ వదుల్తాది అన్నాడు వాడు. అత్త నవ్వలేదు. కామాక్షీ నవ్వలేదు.

12-9

కామాక్షి అన్నం ముట్టడం లేదు. నాయన నోరు తెరిస్తే చాలు, ఆమె చెయ్యి పొట్టమీదికి పోతుంది. ఉత్త శబ్దమమ్మా అన్నాను. ఉత్తదయితే నాకెందుకు వదినా ఈ వణుకు అంది.



13-9

అత్త కామాక్షి పేరు మార్పించింది. పసుపునీళ్లు చల్లి చెవిలో చెప్పింది. ఇక ఆమె పెంచలమ్మ. పాత పేరు దిక్కులేకుండా ఉండకూడదట. పిలిస్తే ఎవరో ఒకరు పలకాలట. లేకుంటే తిరిగి ఆమెమీదికే వస్తుందట. అందరూ నేల చూశారు.

నేను పలుకుతానన్నాను. పిల్లాజెల్లా లేని ఒంటిదాన్ని. పైగా ఉత్త శబ్దం. ఇంత చదువుకొని నువ్వు కూడానా అక్కా అన్నాడు తమ్ముడు. చదువుకున్నాను కాబట్టే అన్నాను.

20-9

ఆయన కామాక్షీ అంటాడు. నేను ఆఁ అంటాను. మరదలు మారు వడ్డించుకుంటోంది.

27-9

రామసుబ్బక్కా అని తమ్ముడు అంగట్లోంచి ఎన్ని కేకలేశాడో. చెవుడొచ్చిందా అని ఎగతాళి. నాకు నిజంగా వినపడలేదు. నాయన గొణిగితే మాత్రం పెరట్లో ఉన్నా వినపడుతుంది.

వెళ్తాను. నీళ్లు వద్దంటాడు, దుప్పటి వద్దంటాడు, తల ఊపి. నన్నే చూస్తాడు. ఆ మాటకు ఇప్పుడు నేనే అర్థం.

4-10

నాయన పోయాడు. చివరికీ అదే మాట. గడపలోనే నిలబడి ఉన్నాను. భయమేసింది. పలకలేదు.

16-10

కర్మలు ముగిశాయి. పెంచలమ్మకు బిడ్డ బాగా కదులుతున్నాడట. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఎల్లుండి కాలేజీకి బయలుదేరాలి.

17-10, సాయంత్రం

వసారాలో కామాక్షీ అని పిలుపు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ పిలుపు. లోపల బియ్యం ఏరుతున్న మరదలు తల ఎత్తింది, పలకబోయింది.

అంతకన్నా ముందే నేను ఆఁ అన్నాను.